బండి గేటు దగ్గరికి రాకముందే మన డ్యూటీ మొదలు: 108, 104, ఊరి క్లినిక్ వాళ్లతో క్యాజువాల్టీ నర్సు కలిసి పనిచేయడం ఎలా?

ఒక రాత్రి పదకొండున్నరకు పొదిలి వైపు నుంచి 108 ఈఎంటీ (బండిలో పేషెంటును చూసుకునే టెక్నీషియన్) ఫోన్ చేశాడు. "మేడమ్, పాము కేసు. మగమనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. నేల మీద పడుకుని ఉండగా కరిచిందంట, గంటయింది. కాటు గుర్తు సరిగా కనపడట్లేదు. కడుపులో నొప్పంటున్నాడు, రెప్పలు వాలిపోతున్నాయి. ఇరవై నిమిషాల్లో మీ దగ్గరుంటాం." మొత్తం అర నిమిషం మాట. వాళ్లు గేటులోకి వచ్చేసరికి డ్యూటీ డాక్టర్ గారు మంచం పక్కనే ఉన్నారు, యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు) వయల్స్ స్టోర్ నుంచి వచ్చేశాయి, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), సక్షన్, ట్యూబులు అన్నీ చేతికందేలా ఉన్నాయి. ఆ మనిషి వారం తర్వాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోయాడు.

అంతకు చాలా ఏళ్ల ముందు, నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన చోట, ఇంచుమించు ఇలాంటి కేసే ఆటోలో వచ్చింది. ఎవరూ ముందుగా చెప్పలేదు. కాలికి తాడు గట్టిగా బిగించి కట్టి ఉంది. కాలు నల్లబడిందన్న కంగారులో నేనే ఆ తాడు ఒక్కసారిగా తెంపేశాను. కొద్ది నిమిషాల్లోనే ఊపిరి ఆగిపోయింది. డాక్టర్ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి మా దగ్గర ఏదీ సిద్ధంగా లేదు. ఆ అబ్బాయి బతకలేదు. ఇది రాయడానికి కారణం ఆ అబ్బాయే.

కొన్ని దేశాల్లో కమ్యూనిటీ పారామెడిక్ అని ఒక పని ఉంది. అంబులెన్స్‌లో తిరిగే పారామెడిక్కే ఇళ్లకు వెళ్లి బీపీ, షుగరు చూడటం, గాయాలకు కట్టు మార్చడం, ఆసుపత్రి నుంచి ఇంటికి పోయినవాళ్లను కనిపెట్టుకుని ఉండటం లాంటివి చేస్తారు. కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రంలో లాంగ్, బ్రయర్ అని రెండు చిన్న దీవులున్నాయి. అక్కడ డాక్టర్ నిలకడగా ఉండే వీలు లేక పారామెడిక్కులూ ఒక నర్సూ కలిసి, దూరాన ఉన్న డాక్టర్ సలహాతో జనాన్ని చూసుకున్నారు. మన దగ్గర ఆ పేరుతో పోస్టు లేదు కానీ ఆ పని మాత్రం ఉంది. 108 ఈఎంటీ, ఊరూరా తిరిగే 104 బండి డాక్టరు, ఊరి క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఏఎన్ఎమ్, ఆశా, వీళ్లందరూ తలా కొంత చేస్తున్నారు. వీళ్లకూ క్యాజువాల్టీకీ మధ్య మాట నడవాలి. ఆ మాట నడిపించాల్సింది మనమే, ఎందుకంటే 24 గంటలూ ఒకే చోట ఉండేది మనమే.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఏరియా ఆసుపత్రుల్లో, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో క్యాజువాల్టీ డ్యూటీ పడిన స్టాఫ్ నర్సుల కోసం రాస్తున్నాను. ఈఎంటీలూ చదవొచ్చు, మేమేం అడుగుతామో ఎందుకు అడుగుతామో తెలుస్తుంది.

మొదటి పని: బండి ఎక్కి చూడండి

డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే, కేసులు లేని ఒక గంట చూసుకుని, మీ ఆసుపత్రికి వచ్చే 108 బండి ఎక్కండి. లోపల ఏ అర తీస్తే ఏముందో ఈఎంటీని అడిగి చూడండి. ఆక్సిజన్ సిలిండర్లు ఎన్ని, సక్షన్ పనిచేస్తోందా, పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, మెడకు వేసే కాలర్, చెక్క బద్దలు, ప్రసవం కిట్. ఏం ఉందో తెలియకుండా ఫోన్‌లో "అది పెట్టు, ఇది ఇవ్వు" అంటే అవతల మనిషి నలిగిపోతాడు. ఈఎంటీకి తన పరిధి ఉంటుంది, 108 కంట్రోల్ సెంటర్లో ఉండే డాక్టర్ చెప్పినదాన్ని బట్టి మందులిస్తాడు. మనం ఆ డాక్టర్‌కు అడ్డుపడకూడదు. మన పని ముందు వినడం, తర్వాత సిద్ధం కావడం.

పైలట్‌తో, అంటే 108 బండి డ్రైవర్‌తో కూడా మాట్లాడండి. ఏ ఊరికి ఏ దారి, ఎక్కడ రోడ్డు తెగింది, వానొస్తే ఏ వాగు పొంగుతుంది, ఎక్కడ ఫోన్ సిగ్నల్ పోతుంది అన్నవి అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియవు. వెలిగండ్ల, సీఎస్ పురం వైపు, ఉదయగిరి కొండల వైపు పని చేసేవాళ్లకు ఈ సమాచారం ప్రాణంతో సమానం.

తర్వాత ఒక పెద్ద పుస్తకం పెట్టండి. మీ పరిధిలోని ప్రతి ఊరి క్లినిక్ ఎంఎల్‌హెచ్‌పీ, ఏఎన్ఎమ్ ఫోన్ నంబర్లు అందులో ఉండాలి. మీ ఫోన్‌లో మాత్రమే ఉంటే లాభం లేదు, మీరు సెలవులో ఉన్న రోజే అవసరం పడుతుంది. ఎంఎల్‌హెచ్‌పీల్లో చాలామంది మనలాగే బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు. ఒకసారి కలిసి టీ తాగితే చాలు, తర్వాత ఫోన్‌లో గొంతు గుర్తుపడతారు.

ఇంకో పని చేయాలి, ఇది పెద్దవాళ్ల సంతకంతో జరగాలి. పాము కాటు, పురుగుమందు, పక్షవాతం, గుండెనొప్పి, వడదెబ్బ, ఈ ఐదింటికి డాక్టర్ రాకముందు నర్సు ఏమేం మొదలుపెట్టవచ్చో మీ మెడికల్ ఆఫీసర్ చేత ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించి గోడకు అంటించండి. ఆ కాగితం లేకుండా మీరు సొంతంగా మందు ఇస్తే, మంచి జరిగినా చెడు జరిగినా జవాబు చెప్పాల్సింది మీరే.

రెండో పని: ఫోన్ ఎత్తగానే ఏం అడగాలి

ఈఎంటీ ఫోన్ చేస్తున్నాడంటే అతని ఒక చేయి పేషెంటు మీద ఉందని గుర్తుపెట్టుకోండి. పొడవాటి ప్రశ్నలు వద్దు. వయసు, ఆడా మగా, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఇప్పుడు స్పృహ ఎలా ఉంది, ఊపిరి, పల్స్, బీపీ, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), షుగరు, ఇప్పటిదాకా ఏం చేశారు, ఎంతసేపట్లో వస్తారు. ఈ వరుస మారకుండా ఎప్పుడూ ఇదే అడగండి, నెల తిరిగేసరికి వాళ్లే అదే వరుసలో చెప్పడం మొదలుపెడతారు. స్పృహ గురించి "బాగానే ఉన్నాడు" అంటే ఒప్పుకోవద్దు. పిలవకుండానే కళ్లు తెరిచి చూస్తున్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, గిల్లితేనే కదులుతున్నాడా, ఏదీ లేదా అని అడగండి.

విన్నది వెంటనే బోర్డు మీద రాయండి, మీరు లేబర్ రూమ్‌కి పోయినా పక్క సిస్టర్‌కి తెలియాలి. కిందే ఫోన్ వచ్చిన టైమ్ కూడా వేయండి.

"మా దగ్గర డాక్టర్ లేరు, వేరే చోటికి పో" అన్న మాట ఫోన్‌లో ఎప్పుడూ అనకండి. స్కాన్ లేదు కాబట్టి నేరుగా ఒంగోలుకో నెల్లూరుకో తీసుకుపోవడమే మేలు అనిపిస్తే, డాక్టర్‌ని లైన్‌లోకి తీసుకుని ఆయన చేత చెప్పించండి. మధ్య దారిలో ఊపిరి ఆగేలా ఉన్న పేషెంటును మాత్రం దగ్గరి ఆసుపత్రిలోనే దింపాలి, ఊపిరి నిలబెట్టాక మిగతా ఆలోచన.

మూడో పని: వాళ్లు దారిలో ఉండగా

మన ప్రాంతంలో మళ్లీ మళ్లీ వచ్చే కేసులు కొన్నే. వాటిని గట్టిగా నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

పాము కాటు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే యాంటీ వీనమ్, కాబట్టి పామును చంపి తీసుకురావాలన్న పని లేదు. దాన్ని వెతుకుతూ కూర్చున్నారంటే ఫోన్‌లోనే ఆపించండి. కాటు పడిన కాలో చెయ్యో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా ఉంచమనండి. మనిషిని నడిపించవద్దు. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, మంత్రం కోసం దారి మళ్లించడం ఏదీ వద్దు. మంత్రం వేసే పెద్దాయన మీద కోపం తెచ్చుకోకండి, మన ఊళ్లలో చాలామంది ముందు ఆయన గడపే తొక్కుతారు. ఆశా అమ్మ ద్వారా ఆయనతో స్నేహం చేసుకుని "మీరు మంత్రం వేయండి, కానీ 108కి ఫోన్ చేసి బండి వచ్చేలోపల వేయండి" అని ఒప్పించిన ఊర్లో మాకు కేసులు ముందుగా రావడం మొదలైంది.

తాడు గట్టిగా కట్టి ఉంటే దారిలో తెంపవద్దని చెప్పండి. ఇక్కడికి వచ్చాక డాక్టర్ పక్కన ఉండగా, సూది ఎక్కించి, ఊపిరికి కావాల్సినవి అందుబాటులో పెట్టుకుని, అప్పుడు నెమ్మదిగా వదులు చేయాలి. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

కట్లపాము గురించి ఇంకొంచెం చెప్పాలి. అది ఎక్కువగా రాత్రుళ్లు, నేల మీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. గుర్తు కనపడకపోవచ్చు, వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు. తెల్లారి కడుపునొప్పి, వాంతులు, మింగలేకపోవడం, రెప్పలు వాలడం. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు, కొత్త ఈఎంటీ నిద్రమత్తు అనుకుంటాడు. రాత్రి కింద పడుకున్న మనిషికి పొద్దున రెప్పలు వాలుతుంటే కట్లపాము అనే అనుకుని పరిగెత్తమని మీ ఈఎంటీలకు ఇప్పుడే చెప్పి పెట్టండి. దారిలో చేయదగ్గ ఒక తేలిక పరీక్ష ఉంది. ఒక్క ఊపిరి నిండా పీల్చుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనాలి. మొదట 25 దాకా లెక్కపెట్టినవాడు పదిహేను నిమిషాల తర్వాత 12 దగ్గర ఆగిపోయాడంటే ఊపిరి కండరాలు బలహీనపడుతున్నట్టు. ఆ రెండు అంకెలూ మనకు ఫోన్‌లో చెప్తే చాలు, వెంటిలేటర్ ఉన్న చోటికి ఫోన్ చేయడం ముందే మొదలుపెడతాం.

ఈలోగా మీ దగ్గర జరగాల్సింది: శుభ్రంగా, పొడిగా ఉన్న కొత్త గాజు టెస్ట్ ట్యూబు సిద్ధంగా పెట్టండి. రెండు మిల్లీలీటర్ల రక్తం అందులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తాం. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ ట్యూబులో చేస్తే ఫలితం తప్పుతుంది, సర్ఫుతో కడిగిన గాజు ట్యూబులో చేసినా తప్పుతుంది. యాంటీ వీనమ్ ఎక్కించేటప్పుడు రియాక్షన్ రావచ్చు కాబట్టి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి ట్రేలో పెట్టాకే మొదలుపెట్టండి. పాము కాటు మరణాలను 2030 కల్లా సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అది నెరవేరాల్సింది మన ట్రేల దగ్గరే.

పురుగుమందు తాగిన కేసు. డబ్బా తప్పకుండా తీసుకురమ్మనండి, ఖాళీదైనా సరే, లేకపోతే దాని మీది కాగితం ఫోటో. ఉప్పునీళ్లు, కుంకుడు రసం పోసి కక్కించవద్దని ఇంట్లోవాళ్లకు ఈఎంటీ గట్టిగా చెప్పాలి, స్పృహ లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో నురగ, చొంగ సక్షన్‌తో తీస్తూ ఉండాలి. బట్టలు తీసేసి ఒళ్లు సబ్బునీళ్లతో తుడవాలి. ఈఎంటీ చేతికి గ్లౌజులు, బండి కిటికీలు తెరిచి ఉండాలి, లేకపోతే వాళ్లకే తల తిరుగుతుంది. కంటిపాపలు సూదిమొనలా చిన్నవయ్యాయా అని అడగండి, అవునంటే విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువ మోతాదులో అవసరం పడుతుంది, స్టాకు లెక్క చూసుకోండి. గడ్డి మందుల సంగతి వేరు. వాటిలో పారాక్వాట్ ఉన్నదైతే ఆక్సిజన్ ఇచ్చే కొద్దీ ఊపిరితిత్తులు పాడవుతాయి. అందుకే డబ్బా పేరు తెలియగానే డాక్టర్‌కు చెప్పి, శాచురేషన్ ఎంతకు పడిపోతే ఆక్సిజన్ పెట్టాలో ఆయన చేతే ఈఎంటీకి చెప్పించండి.

ఈ కేసులో ఇంకొకటి. బండిలో వెంట వచ్చే భార్యో తండ్రో "నీకేం పోయేకాలం వచ్చింది" అని తిడుతూ ఉంటారు, భయంతోనే తిడతారు. వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టమనండి. పేషెంటు తేరుకున్నాక ఎంఎల్‌హెచ్‌పీకి ఆ ఇంటి సంగతి చెప్పి పెట్టాలి, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి. మందు డబ్బాలు ఇంట్లో తాళం లేకుండా ఉంటే తీయించమని ఆశాకు చెప్పండి.

పక్షవాతం. "ఎప్పుడు పడిపోయాడు" అని అడగకండి, "చివరిసారి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్ని గంటలకు" అని అడగండి. పొద్దున ఆరింటికి లేపబోతే చెయ్యి పడిపోయి ఉన్న మనిషికి గడియారం రాత్రి పడుకున్నప్పటి నుంచి నడుస్తోంది. గడ్డ కరిగించే సూది మామూలుగా నాలుగున్నర గంటల లోపలే. షుగరు తప్పకుండా చూడాలి, తగ్గిపోయినా పక్షవాతంలాగే కనపడుతుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, వద్దని చెప్పండి. నోటితో నీళ్లు కూడా వద్దు.

ఛాతీ నొప్పి అయితే వచ్చిన పది నిమిషాల్లో ఇసిజి తీయాలి. అంటే మెషిన్ ప్లగ్గులో ఉండాలి, జెల్లీ ఉండాలి, కాగితం ఉండాలి.

వడదెబ్బ. చీమకుర్తి క్వారీల్లో, ఉపాధి పనుల్లో మే నెలలో చూస్తుంటాం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ముందు చల్లబరచాలి, తర్వాత కదిలించాలి. ఒళ్లంతా నీళ్లు చల్లి విసరాలి, చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టాలి, బండిలో ఏసీ పూర్తిగా వేయాలి. పారాసెటమాల్ దీనికి పనిచేయదు.

రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కొట్టే మిషన్ల) కరెంటు షాక్ కేసుల్లో మొదటి మాట ఎప్పుడూ "కరెంటు తీసేశారా" అన్నదే, మిగతావన్నీ ఆ తర్వాత.

ఇక మన వైపు ఎక్కువగా ఎదురయ్యే రెండు సంగతులు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బును) మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో చేరిన ప్రాంతంలో. కనిగిరి, పొదిలి వైపు పెద్ద వయసువాళ్లలో వెన్ను వంగిపోయి, మెడ కర్రలా బిగిసిపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి పెద్దాయన స్కూటర్ మీద నుంచి పడితే, పుస్తకంలో చెప్పినట్టు బోర్డు మీద వెల్లకిలా చదునుగా పడుకోబెట్టి కాలర్ బిగించడానికి ప్రయత్నిస్తే ఉన్న మెడ విరగవచ్చు. అతని మెడ మామూలుగా ఎంత వంగి ఉంటుందో ఇంట్లోవాళ్లను అడిగి, ఆ వంపులోనే తల కింద, భుజాల కింద దుప్పట్లు మడిచి పెట్టి కదలకుండా ఆపాలి. ఊపిరి ట్యూబు వేయడం కష్టమవుతుందని డాక్టర్‌కు ముందే చెప్పండి. రెండోది కిడ్నీ జబ్బు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. ఆఖరి డయాలసిస్ ఎప్పుడు అన్నది ఫోన్‌లోనే అడగండి. రెండు సార్లు తప్పిపోయి ఆయాసంతో వస్తున్న మనిషికి సెలైన్ వేగంగా ఎక్కిస్తే మన చేతుల్లోనే మునిగిపోతాడు.

నాలుగో పని: అప్పగింత

బండి ఆగగానే అందరం ఒకేసారి పేషెంటు మీద పడిపోతాం, ఈఎంటీ చెప్పేది గాలికి పోతుంది. మా దగ్గర పెట్టుకున్న పద్ధతి ఇది. ప్రాణం మీదికి వచ్చిన పని, అంటే ఊపిరి ఆగడం, రక్తం చిమ్మడం లాంటిది లేకపోతే, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు, ఎవరూ సూది తీయరు, ఈఎంటీ ఒక్కడే చెప్తాడు. ఏం జరిగింది, ఏ దెబ్బలున్నాయి, అంకెలు ఎలా మారాయి, ఏం చేశాను. నర్సు విని తిరిగి చెప్తుంది. "నువ్వు చెప్పింది ఇది, కరెక్టేనా తమ్ముడూ?" ఇలా తిరిగి చెప్పించుకున్నప్పుడు ఎన్నిసార్లు తప్పు దొరికిందో లెక్కలేదు. ఎడమ కుడి మారిపోవడం, ఇచ్చిన ఇంజెక్షన్ మళ్లీ ఇవ్వబోవడం.

అంకె ఒకటి కాదు, మార్పు కావాలి. బీపీ 100 అంటే ఏమీ తెలియదు. ఇంటి దగ్గర 130, దారిలో 115, గేటులో 100 అంటే రక్తం ఎక్కడో పోతోందని తెలుస్తుంది.

ఈఎంటీ కాగితం కాపీ కేస్ షీట్‌లో పిన్ చేయండి, అప్పగించిన టైమ్ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. వాళ్ల స్ట్రెచర్, బద్దలు, కాలర్ వీలైనంత త్వరగా మార్చి ఇచ్చేయండి. మంచం ఖాళీ లేదని బండిని గంటసేపు గేటు దగ్గర ఆపితే ఆ మండలంలో ఇంకో ఇంట్లో ఎవరో బండి కోసం ఎదురు చూస్తుంటారు.

రోడ్డు మీద పడి ఉన్నవాళ్లను తెచ్చిన దారినపోయేవాళ్లను కూర్చోబెట్టి పేరు, ఊరు, ఎందుకు తెచ్చావని ప్రశ్నలు వేయవద్దు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇస్తుంది, ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కర్లేదు. మంచినీళ్లిచ్చి, చూసింది చెప్పమని అడిగి పంపండి.

ఐదో పని: మన దగ్గర నుంచి పైకి పంపేటప్పుడు

కనిగిరి నుంచి ఒంగోలు సుమారు 80 కిలోమీటర్లు, మార్కాపురం నుంచి సుమారు 95, ఉదయగిరి నుంచి నెల్లూరు ఇంచుమించు 100. ఈ దూరాలకు పంపేముందు ఆక్సిజన్ లెక్క వేయండి, దయచేసి ఇది ఎవరో చూస్తారులే అనుకోకండి. బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు, 15 లీటర్లు పెడితే 100 నిమిషాలు. గేజీ ముల్లు సగంలో ఉంటే అందులో సగమే. కనిగిరిలో బయల్దేరి పొదిలి దాటి, చీమకుర్తి దగ్గర టిప్పర్ల మధ్య ఇరుక్కుంటే సగం సిలిండర్ చాలదు. దారి పట్టే టైముకు రెట్టింపు ఉంటేనే బండి కదలాలి. అంబూ బ్యాగ్ కూడా మంచం కింద పెట్టకుండా పేషెంటు తల దగ్గరే ఉంచండి.

ఆ పెద్దాసుపత్రి క్యాజువాల్టీ సిస్టర్‌కు మీరే ఫోన్ చేసి, ఈఎంటీ మీకు చెప్పిన వరుసలోనే చెప్పండి. రిఫరల్ చీటీలో "ఉన్నత వైద్యం కోసం" అని ఒక్క ముక్క రాసి పంపితే అక్కడివాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు అన్నది తప్పకుండా ఉండాలి, యాంటీ వీనమ్ ఎన్ని వయల్స్ అయ్యాయో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి.

ఆరో పని: ఇంటికి పోయాక

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది బాగై ఇంటికి పోయినవాళ్లు పది రోజుల్లో మళ్లీ బండిలో రావడం. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో ఇక్కడ తల ఊపిన అవ్వ ఇంటికి పోయాక సూది చూసి భయపడి మానేస్తుంది. ఆయాసం తగ్గిన తాత ఇన్హేలర్ నోట్లో పెట్టుకుని గాలి బయటికి ఊదుతుంటాడు. గుండె వాపు ఉన్నాయన పచ్చడి మానలేదు.

డిశ్చార్జ్ అయిన రోజు సాయంత్రమే ఆ ఊరి ఎంఎల్‌హెచ్‌పీకో ఏఎన్ఎమ్‌కో ఫోన్ చేయండి. మూడు మాటలు చాలు: ఏ జబ్బు, ఇంట్లో ఏం చూడాలి, ఏం కనపడితే వెంటనే నాకు ఫోన్ చేయాలి. ఉదాహరణకు గుండె జబ్బు మనిషికి, "రోజూ పొద్దున బరువు చూడమనండి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఫోన్ చేయండి." పాము కాటు మనిషికి కాటు చుట్టూ చర్మం, మూత్రం ఎంత వస్తోంది. మూడు రోజుల్లోపు ఎవరో ఒకరు ఇంటికి పోయి చూడాలి. ఊరి క్లినిక్ నుంచి ఈ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో) డాక్టర్‌తో మాట్లాడించవచ్చు. 104 బండి ఆ ఊరికి ఏ తేదీన వస్తుందో డిశ్చార్జ్ కాగితం మీద ఎర్ర ఇంకుతో రాయండి, చదవడం రాకపోయినా ఎర్ర అంకె అడిగి తెలుసుకుంటారు.

పేషెంటును అడిగాకే ఈ ఫోన్లు చేయండి. "మీ ఊరి సిస్టర్‌కి చెప్పమంటారా అవ్వా?" అంటే సాధారణంగా వద్దనరు, కానీ వద్దన్నవాళ్ల మాట వినాలి. పురుగుమందు కేసుల్లో, ఆడపిల్లల కేసుల్లో ఇంకా జాగ్రత్త. వాట్సాప్ గ్రూపుల్లో ముఖం, పేరు, కేస్ షీట్ ఫోటోలు పెట్టవద్దు. గాయం ఫోటో పంపాల్సి వస్తే గాయం ఒక్కటే, ఒక్క మనిషికే.

నెలలో మూడు సార్లు 108కి ఫోన్ చేసే ఇల్లు ఒకటి ప్రతి మండలంలో ఉంటుంది. బండివాళ్లు విసుక్కుంటారు. అలాంటి ఇంటికి ఒకసారి ఎంఎల్‌హెచ్‌పీనీ ఈఎంటీనీ కలిసి పొమ్మనండి, వీలైతే మీరూ వెళ్లండి. మేము అలా వెళ్లిన ఒక ఇంట్లో పెద్దావిడకు షుగరు మాటిమాటికీ పడిపోవడానికి కారణం ఏంటంటే, కొడుకులిద్దరూ వలస పోయారు, ఆమె మాత్ర వేసుకుంటోంది కానీ రాత్రి వండుకోవడం లేదు. డాక్టర్ గారితో మాట్లాడి మాత్ర మార్పించాం, పక్కింటి కోడలు రాత్రి అన్నం పెట్టడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఆ ఇంటికి బండి పోలేదు.

ఏడో పని: నెలకొకసారి కూర్చోవడం

ఒక గంట. ఈఎంటీలు, పైలట్లు, ఇద్దరు ముగ్గురు ఎంఎల్‌హెచ్‌పీలు, క్యాజువాల్టీ నర్సులు, కుదిరితే మెడికల్ ఆఫీసర్. ఒకటి బాగా జరిగిన కేసు, ఒకటి జరగనిది. టైములు బోర్డు మీద వేయండి: ఫోన్ ఎప్పుడు, బండి ఎప్పుడు చేరింది, మనకు ఎప్పుడు చెప్పారు, మందు ఎప్పుడు మొదలైంది. ఎక్కడ ఆలస్యమైందో ఆ గీతే చూపిస్తుంది, ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు. మొదటి మీటింగులో నేను ఆ తాడు తెంపిన సంగతి చెప్పాను. అప్పటిదాకా ముడుచుకుని కూర్చున్న ఒక ఈఎంటీ నెమ్మదిగా తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి, దీనికి మీటింగు కూడా అక్కర్లేదు. ఈఎంటీ పేషెంటును మన చేతుల్లో పెట్టి ఇంకో కేసుకు పోతాడు, ఆ మనిషి బతికాడో లేదో అతనికి తెలియదు. నెలల తరబడి అలా తెలియకుండానే పని చేస్తారు. రాత్రి డ్యూటీ దిగేముందు వాళ్లు తెచ్చిన కేసుల గురించి పేర్లు లేకుండా రెండు ముక్కలు ఫోన్ చేసి చెప్పండి. "పొదిలి పాము కేసు, ట్యూబు తీశాం, కాఫీ తాగాడు." "రాత్రి స్కూటర్ పెద్దాయన పోయాడు తమ్ముడూ, నువ్వు మెడ పట్టుకున్న తీరు సరిగ్గానే ఉంది, లోపల రక్తం ఎక్కువ పోయింది." రెండో రకం మాట చెప్పడం కష్టం, అయినా చెప్పండి. చెప్పాక వెంటనే ఫోన్ పెట్టేయకుండా, అవతల అతను ఏమన్నా అంటాడేమో కాసేపు ఆగండి.